వెలిగే చోటు, వెలగని చోటు

“మొత్తం తీసేసిండ్రా, మేడం?”

మెదడులో గడ్డకి ఆపరేషన్ చేసి బయటికొస్తే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మనిషి ప్రాణంతో ఉన్నాడా లేదా అన్నది థియేటర్ తలుపు తీయగానే మా ముఖాలు చూసి వాళ్లే పోల్చుకుంటారు. నోరు తెరిచి అడిగేది గడ్డ సంగతే. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ ఎం.సీహెచ్. చివరి ఏడాదిలో ఉన్నాను. ఈ ప్రశ్నని నల్లగొండ యాసలో విన్నాను, పాతబస్తీ ఉర్దూలో విన్నాను, ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు కుటుంబం తరఫున చదువుకున్న కుర్రాడొకడు తెలుగులో అడగ్గా విన్నాను.

మెనింజియోమా లాంటి గడ్డ అయితే జవాబు చాలాసార్లు తేలికే. అది మెదడు మీది పొరల్లోంచి పుడుతుంది. మెదడుని పక్కకి నెడుతుందే గానీ అందులో కలిసిపోదు. చేతికందే చోట ఉంటే చుట్టూ ఒలుచుకొచ్చి, ట్రేలో పెట్టి, “తీసేశాం” అని చెప్పొచ్చు. గ్లయోబ్లాస్టోమా అలా కాదు. అది మెదడులోనే పుట్టి మెదడులోకే పాకుతుంది. పెద్దవాళ్లలో మెదడులో మొదలయ్యే క్యాన్సర్లన్నిట్లోకీ ఎక్కువగా కనిపించేది అదే, మొండిదీ అదే. దానికి ఆపరేషన్ చేసొచ్చి “మొత్తం తీసేశాం” అంటే అబద్ధం. “తీయలేదు” అన్నా నిజం కాదు. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడి జవాబు చెప్పాలన్నదే నా థీసిస్.

రోగులు మా దాకా ఎలా వస్తారో ముందు చెప్పాలి. తలనొప్పితో మొదలైనవాళ్లు కంటి డాక్టరు, సైనస్ డాక్టరు, ఊళ్లో ఆర్‌ఎంపీ వీళ్లందరినీ చుట్టి ఆఖర్న వస్తారు. ఫిట్స్ వచ్చినవాళ్లు మాత్రం నేరుగా క్యాజువాలిటీకి వస్తారు. యాభై దాటాక జీవితంలో మొట్టమొదటిసారి ఫిట్స్ వచ్చిందంటే తలకి స్కాన్ తీయకుండా ఇంటికి పంపకూడదు. కొందరికి చెయ్యి పట్టు తప్పుతుంది. కొందరికి మాట తప్పుతుంది. ఒక పెద్దాయనని భార్య వెంటబెట్టుకొచ్చి, “పదిహేను దినాల సంది బర్రెల పేర్లు ఒకదానికొకటి పిలుస్తుండు” అంది. ఎడమ టెంపొరల్ భాగంలో గడ్డ ఉందని స్కాన్ తర్వాత చెప్పింది. ఆమె ముందే చెప్పింది.

స్కాన్‌లో గడ్డ చుట్టూ వాపు ఉంటే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతాం. రెండ్రోజుల్లో మాట తేరుకుంటుంది, చెయ్యి లేస్తుంది. దాంతో వార్డులో కొత్త చిక్కు. “గోలీలకే తగ్గింది గద, తల కోసుడెందుకు?” అని సంచులు సర్దుకుంటారు. తగ్గింది వాపు. గడ్డ ఉన్నచోటే ఉంది. ఈ మాట చెప్పి ఆపడానికే ఒక్కోసారి రౌండ్స్ సమయమంతా సరిపోతుంది.

ఈ గడ్డ ఎంత దూరం పాకుతుందో సర్జన్లకి తెలిసి వందేళ్లు కావస్తోంది. బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ అనే సర్జన్ 1928లో ఒక సాహసాన్ని ప్రచురించాడు. కుడి అర్ధగోళంలో గ్లయోమా (గ్లయోబ్లాస్టోమా ఈ జాతిదే) పెరిగి, అప్పటికే ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన రోగులకి ఆయన గడ్డతోపాటు ఆ అర్ధగోళాన్నే తీసేశాడు. సగం మెదడు! ఆపరేషన్ తట్టుకుని బతికినవాళ్లలోనూ గడ్డ మళ్లీ వచ్చింది. అప్పటికే కొన్ని కణాలు గీత దాటి ఎడమ పక్కకి చేరిపోయాయన్నమాట.

ఈ కథని ఒక రోగి తండ్రికి చెప్పాను. వరి పండించే రైతు. కాసేపు ఆలోచించి, “తుంగ లెక్కనన్నట్టు” అన్నాడు. మడిలో తుంగ పెరికినవాళ్లకి వివరం అక్కర్లేదు. పైన కనిపించే గడ్డి చేతికొస్తుంది, కింద గింజల్లాంటి దుంపలు మట్టిలోనే ఉండిపోతాయి. నేను చదివిన పుస్తకాల్లో ఇంతకన్నా సరైన పోలిక దొరకలేదు.

మరి పూర్తిగా రానిదాన్ని కోయడమెందుకు? పుర్రెలో చోటు పెరగదు గనక లోపల పెరిగే గడ్డ మెదడుని నలిపేస్తుంది. ఆ ఒత్తిడి దిగాలి. గడ్డ ఏ జాతిదో ముక్క చూస్తేగానీ తెలియదు. ఇవి రెండూ సరే. అసలు కారణం వేరే ఉంది: మిగిలింది ఎంత తక్కువైతే ఆ తర్వాతి వైద్యానికి పని అంత తక్కువ. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ సర్జన్లు 416 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల లెక్కలు తీసి 2001లో ప్రచురించారు. స్కాన్‌లో కనిపించే గడ్డలో 98 శాతం, ఆపైన తీయగలిగినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 13 నెలలు, అంతకన్నా తక్కువ తీసినవాళ్లది 8.8 నెలలు. 98 దాకా రాకపోయినా దాదాపు 78 శాతం నుంచే ప్రయోజనం మొదలవుతుందని 2011లో ఇంకో అధ్యయనం చెప్పింది. 

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు రేడియేషన్, దాంతోపాటు రోజూ టెమోజొలొమైడ్ క్యాప్సూల్, ఆపైన నెలకి అయిదు రోజుల చొప్పున ఆరు విడతలు అదే మందు. రోజర్ స్టప్ బృందం 573 మంది మీద పరీక్షించి 2005లో చెప్పిన ఈ పద్ధతే ఇవాళ్టికీ మా వార్డులో నడుస్తోంది. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పుడు మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలలు. మందు కలిపితే 14.6. రెండున్నర నెలలకేనా ఇంత హడావిడి అని పెదవి విరిచేవాళ్లు రెండో అంకె కూడా చూడాలి. రెండేళ్లు దాటి బతికినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. మొదటి అంకె చూసి తలవంచుకున్న బంధువులకి నేను చెప్పేది ఈ రెండో అంకే. గడ్డలో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉన్నవాళ్లకి ఈ మందు ఇంకా బాగా పనిచేస్తుంది.

ఇక థియేటర్‌లోకి వెళ్దాం. గడ్డ మధ్యభాగాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. బూడిదరంగులోనో, ఊదారంగులోనో, కుళ్లి పసుపుపచ్చగానో ఉంటుంది. సక్షన్ కొన తగిలితే తేలిగ్గా వచ్చేస్తుంది. అంచుకొచ్చేసరికి కథ మారుతుంది. రంగు మెల్లగా మెదడు రంగులోకి దిగిపోతుంది. గట్టిదనం కూడా అంతే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మా సార్ వేలికి తెలిసేది నా వేలికి తెలియదు. ఆయన వేలికీ అన్నిసార్లూ తెలియదని ఆయనే అంటారు. నావిగేషన్ ఉంది కదా అంటారా? ఆపరేషన్‌కి ముందు తీసిన ఎమ్మారైని కంప్యూటర్‌లో పెట్టి, మా చేతిలో ఉన్న పరికరం మెదడులో ఎక్కడుందో తెర మీద చూపించే యంత్రం అది. గొప్పదే. కాకపోతే పుర్రె తెరిచి, నీరు దిగి, గడ్డ సగం తీశాక మెదడు కిందికి జారుతుంది. తెరమీది పటం మాత్రం పొద్దుటిదే. అంచు దగ్గర, అంటే మాకు అది ఎక్కువ అవసరమైన చోటే, దాని మాట నమ్మడం తగ్గుతుంది.

అందుకని గడ్డకే రంగు వేస్తే? ఈ ఆలోచన వెనక రంగుల చరిత్ర పెద్దదే ఉంది. నా థీసిస్ ఉపోద్ఘాతంలో రెండు పేరాలకి కుదించమన్నారు కాబట్టి ఆ ఉక్రోషం ఇక్కడ తీర్చుకుంటాను.

జర్మనీలో పాల్ ఎర్లిఖ్ 1885 ప్రాంతంలో జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగెక్కింది, మెదడు ఎక్కలేదు. మెదడుకి ఆ రంగులు అంటవేమో అనుకున్నాడాయన. 1913లో ఎడ్విన్ గోల్డ్‌మన్ తిరగేసి చేశాడు. రంగుని మెదడు చుట్టూ ఉండే నీటిలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు రంగెక్కింది, ఒళ్లు ఎక్కలేదు. అంటే అంటకపోవడం కాదు, మధ్యలో అడ్డం ఏదో ఉంది. మెదడులోని రక్తనాళాల లోపలి కణాలు సందులేకుండా అతుక్కుపోయి, రక్తంలో ఉన్నదాన్ని మెదడులోకి పోనివ్వవు. క్యాన్సర్ మందుల్లో చాలా వాటిని మెదడు గుమ్మం దగ్గరే ఆపేసేది ఈ అడ్డమే. గ్లయోబ్లాస్టోమా బలిసిన చోట కొత్తగా పుట్టే రక్తనాళాలు నాసిరకానివి. అక్కడ ఈ అడ్డం కారుతుంది. ఎమ్మారైలో కాంట్రాస్ట్ ఇస్తే గడ్డ తెల్లగా మెరిసేది అందుకే. రంగు కూడా అక్కడే కారాలి.

నేను వాడే రంగు ఫ్లోరెసీన్. అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1871లో తయారు చేశాడు. దాని తొలి ఘనకార్యాల్లో ఒకటి ఆసుపత్రిలో కాదు, నదిలో జరిగింది. దక్షిణ జర్మనీలో ఒకచోట డాన్యూబ్ నీళ్లు వేసవిలో నేలలోకి ఇంకిపోతాయి. ఎటు పోతున్నాయన్నది తగాదా. 1877లో ఆ ఇంకే చోట పది కిలోల ఫ్లోరెసీన్ పోశారు. రెండున్నర రోజులకి పన్నెండు కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊటలో నీళ్లు ఆకుపచ్చగా మెరిశాయి. డాన్యూబ్ నీళ్లు కొండ కిందుగా రైన్ నదిలో కలుస్తున్నాయని అలా రుజువైంది. 

అదే మందుని మెదడు గడ్డల కోసం మొదట వాడింది మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ మూర్. 1948లో, అతినీలలోహిత దీపం కింద. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇక 1961లో ఇండియానాలో నొవొట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఇదే రంగుని చేతి నరంలోకి ఎక్కించి కంటి రెటీనా రక్తనాళాలని ఫొటో తీసే పద్ధతి కనిపెట్టారు. మొదట సూది వేయించుకుని కన్ను చూపించింది ఆల్విసే. ఇవాళ షుగర్ రోగులకి కంటి ఆసుపత్రుల్లో చేసే యాంజియోగ్రామ్ వాళ్ల పుణ్యమే. విద్యార్థుల థీసిస్‌లంటే బీరువాలు నింపడానికి తప్ప పనికిరావనే పెద్దలకి చెప్పడానికి ఈ కథని జేబులో ఉంచుకుంటాను.

ఫ్లోరెసీన్‌కి ఒక గట్టి పోటీదారు ఉంది, పేరు ఫైవ్-ఏఎల్ఏ. ఆపరేషన్‌కి కొన్ని గంటల ముందు తాగిస్తారు. గడ్డ కణాలు దాన్ని లోపలికి తీసుకుని వేరే పదార్థంగా మార్చుకుంటాయి, నీలి కాంతిలో అవి గులాబీరంగులో వెలుగుతాయి. జర్మనీలో వాల్టర్ స్టుమర్ బృందం 2006లో ఫలితాలు ప్రచురించింది. మెరిసే గడ్డని పూర్తిగా తీయగలిగింది ఈ మందు వాడినవాళ్లలో 65 శాతం మందికి, మామూలు దీపం కింద చేసినవాళ్లలో 36 శాతం మందికి. ఆరు నెలల దాకా గడ్డ తిరిగి పెరగనివాళ్లు 41 శాతం, 21.1 శాతం. ఆయుష్షు పెరిగిందని మాత్రం ఆ అధ్యయనం నిరూపించలేదు. శాస్త్రీయంగా చూస్తే ఫ్లోరెసీన్ కన్నా దీనికే బలం ఎక్కువని ఒప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ వెలిగేది కణమే. ఫ్లోరెసీన్‌లో వెలిగేది కారిన చోటు. కానీ ధర! ఆ మందు ఖరీదు మా రోగుల కుటుంబాలు కూడబెట్టుకోలేనిది. ఫ్లోరెసీన్ సీసా చవకగా, ఏ కంటి ఆసుపత్రి పక్క మందుల షాపులోనైనా దొరుకుతుంది. నా థీసిస్ ఈ తేడాలోంచే పుట్టింది. చవకదానితో ఎంతవరకు నెగ్గుకురాగలం, ఎక్కడ అది మోసం చేస్తుంది?

లెక్క ఇలా ఉంటుంది. ఒక సీసాలో మూడు మిల్లీలీటర్లు, ఇరవై శాతం ద్రావణం, అంటే 600 మిల్లీగ్రాములు. కిలోకి అయిదు మిల్లీగ్రాముల చొప్పున అరవై కిలోల మనిషికి 300. సగం సీసా. ముందు కొంచెం ఇచ్చి అలర్జీ వస్తుందేమో చూస్తాం, అరుదే అయినా వస్తే ప్రమాదం. మత్తు ఇచ్చాక మిగతాది నరంలోకి వెళ్తుంది. పరిశోధన కోసం వాడే మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు కాబట్టి ఆ సీసాలు నా స్టైపెండ్‌లోంచే. ఆపరేషన్ ఖర్చుకి ఆరోగ్యశ్రీ ఉంది, థీసిస్‌కి లేదు.

పుర్రె తెరిచేసరికి గంటో రెండు గంటలో అవుతుంది. అప్పటికి యూరిన్ బ్యాగు మెరిసే పసుపులోకి తిరుగుతుంది. మొదట్లో రాత్రి డ్యూటీ సిస్టర్ ఫోన్ చేసి కామెర్లేమోనని అడిగింది. ఇప్పుడు కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలతో రాసిపెడుతున్నాను. సార్ మైక్రోస్కోప్ పిడి మీద బటన్ నొక్కుతారు. పసుపు ఫిల్టర్ పడుతుంది. మెదడు దాదాపు దాని రంగులోనే ఉండి, గడ్డ మాత్రం ఆకుపచ్చ కలిసిన పసుపులో వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో థియేటర్‌లో అందరి తలలూ తెర వైపు తిరుగుతాయి, మత్తు డాక్టరుతో సహా. 

అసలు పని ఆ తర్వాత. బాగా వెలిగే చోటు నుంచి ఒక చిన్న ముక్క, వెలుగు పల్చబడే చోటు నుంచి ఒకటి, వెలగని చోటు నుంచి ఒకటి తీసి, వేర్వేరు ఫార్మలిన్ సీసాల్లో వేసి, ఒక్కో సీసాకి ఒక్కో కోడ్ నంబర్ అంటిస్తాను. ఏ కోడ్ ఏ వెలుగుదో పాథాలజీ మేడంకి తెలియదు. కణాలు చూసి గడ్డ ఉందో లేదో రాస్తారు, అంతే. వెలిగిందని ముందే చెబితే సూక్ష్మదర్శినిలో అనుమానంగా ఉన్న కణం కూడా గడ్డ కణంలాగే కనిపిస్తుంది. చూసేవాళ్ల తప్పు కాదది, మనిషి కన్ను అలాంటిది.

ఎథిక్స్ కమిటీలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన ప్రశ్న డబ్బు గురించి కాదు, అలర్జీ గురించీ కాదు. డాక్టరు కాని సభ్యురాలు ఒకావిడ అడిగారు: “వెలగని చోటు మంచి మెదడే అయితే, అక్కణ్నించి ముక్క ఎలా తీస్తావమ్మా?” సరైన ప్రశ్న. జవాబు ఇది. లోపలి గడ్డని చేరడానికి దారిగా ఎలాగూ తీసేయాల్సిన భాగం నుంచి, లేదా మాటకీ చేతికీ కాలికీ సంబంధం లేని చోట గడ్డతోపాటు అంచుగా తీసే భాగం నుంచి మాత్రమే తీస్తాం. ప్రమాదమైన చోట తీయం. ఆ కేసులో వెలగని ముక్క లేకపోతే లేదు. దీనివల్ల నా లెక్కలు అసంపూర్ణంగా ఉంటాయని తెలుసు. రోగి నా థీసిస్ కోసం రాలేదు కదా. అంగీకార పత్రం తెలుగులో, హిందీలో, ఉర్దూలో తయారుచేశాను. చదువు రానివాళ్లకి చదివి వినిపిస్తాం, మా ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి సంతకం చేయాలి. రోగికే మాట తప్పితే, వాళ్ల తరఫున ఎవరు ఒప్పుకోవాలన్నది ఇంకో పెద్ద చర్చ.

వెలుగు ఎక్కడ మోసం చేస్తుందో ఇప్పుడు చెప్పొచ్చు. ఒకటి, మేం కోసిన చోట రక్తనాళాలు తెగి రంగు కారుతుంది, మంచి మెదడు కూడా మెరుస్తుంది. వాపు ఉన్నచోటా కొంత మెరుస్తుంది. రెండోది ఇంతకన్నా ముఖ్యం. విడివిడిగా పాకిన కణాలు ఉన్న అంచులో రక్తనాళాల అడ్డం ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. అక్కడ గడ్డ ఉన్నా రంగు కారదు, వెలగదు. ఇటలీలో ఫ్రాంచెస్కో అచెర్బి బృందం 46 మందిలో ఫ్లోరెసీన్ వాడి 2018లో ప్రచురించిన అధ్యయనంలో మెరిసే గడ్డని పూర్తిగా తీయగలిగింది 82.6 శాతం మందికి. మంచి అంకె. అదే అధ్యయనంలో ముక్కల్ని పరీక్షిస్తే, గడ్డ ఉన్న ముక్కల్లో వెలిగినవి దాదాపు 80 శాతం. అంటే ప్రతి అయిదింటిలో ఒకటి గడ్డ ఉండి కూడా చీకట్లోనే ఉంది. నాకు కావలసింది ఆ అయిదో ముక్క. ఎందుకంటే ఈ గడ్డ తిరిగొచ్చేది ఎక్కువగా తీసిన గుంత అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపే.

వెలిగిందని అంతా తీయొచ్చా అంటే, అదీ లేదు. కొన్ని గడ్డలు మాట పుట్టే చోట వెలుగుతాయి. అలాంటివాళ్లకి మెలకువలోనే ఆపరేషన్ చేస్తాం. 2017లో గుంటూరులో ‘బాహుబలి-2’ చూపిస్తూ, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ‘అదుర్స్’ చూపిస్తూ చేశారని పేపర్లలో చదివి అందరూ ముచ్చటపడ్డారు. సినిమా రోగుల్ని కదలకుండా, భయపడకుండా ఉంచుతుంది, నిజమే. మెదడుకి నొప్పి తెలియదు, తల చర్మానికి మత్తు సూది ఉంటుంది. కానీ మాకు కావలసింది వాళ్ల మాట. చిన్న కరెంటుతో మెదడు మీద ఒక చోటు ముడితే కొన్ని సెకన్లు ఆ చోటు పనిచేయదు. అదే సెకన్లో బొమ్మ చూపించి ఇదేంటని అడుగుతాం. పేరు నోట్లోంచి రాకపోతే అక్కడ ఒక నంబరు కాగితం పెట్టి, ఆ చోటు వదిలేస్తాం. అది ఎంత వెలుగుతున్నా సరే.

పేర్లు చెప్పించే పరీక్షల్లో పేరున్నది బోస్టన్ నేమింగ్ టెస్ట్. అందులో ఇగ్లూ, హార్ప్, బీవర్ బొమ్మలున్నాయి. సంగారెడ్డి నుంచి వచ్చిన కూలీ ఆమెకి బీవర్ చూపించి పేరు రాలేదంటే తప్పెవరిది? మేమే కార్డులు గీయించుకున్నాం. చేట, రోలు, కొడవలి, తాళంచెవి, బోరింగ్. బోరింగ్ కొట్టిన చేతులకి ఆ మాట వెంటనే వస్తుంది. పాతబస్తీ రోగులకి రెండు జతలు కావాలి, ఎందుకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఒక్కో భాషకి మెదడులో చోట్లు కొంత వేరుగా ఉండొచ్చని జార్జ్ ఓజెమన్, హ్యారీ విటేకర్ 1978లోనే చూపించారు. తెలుగులో గిన్నె అన్నంత మాత్రాన ఉర్దూ క్షేమంగా ఉన్నట్టు కాదు. థియేటర్‌లో కార్డులు పట్టుకుని తల దగ్గర కూర్చునేది జూనియర్ పీజీ. నా మొదటి ఏడాదిలో ఆ పని నాకు బాగా నచ్చేది. మాట ఆగితే, కత్తి పట్టుకున్నవాళ్లకన్నా ముందు నాకు తెలిసేది.

ఒక్క గడ్డ విషయంలో మాత్రం ఈ పద్ధతంతా పక్కన పెడతాం, అది మెదడులో పుట్టే లింఫోమా. ఫ్లోరెసీన్‌లో అదీ వెలుగుతుంది. చూస్తే మొత్తం లాగేయాలనిపిస్తుంది. లాగకూడదు. ముక్క తీసి ఫ్రోజెన్ సెక్షన్ అనే అప్పటికప్పుడు చేసే పరీక్షకి పంపి, లింఫోమా అని కబురొస్తే తల మూసేస్తాం, ఎందుకంటే అది మందుకి కరుగుతుంది. ఆ మందు మెథోట్రెక్సేట్, అదీ మెదడు అడ్డం దాటేంత భారీ మోతాదులో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మందు కుటుంబమిది. మా ఆసుపత్రి ఫార్మసీ అరలో ఆ డబ్బా కనిపించినప్పుడల్లా ఆయన 1948లోనే పోయాడని గుర్తొస్తుంది. పైన చెప్పిన స్టెరాయిడ్ ఉంది చూశారూ, లింఫోమా అనుమానం ఉంటే అది ముందే ఇవ్వకూడదు. గడ్డ తాత్కాలికంగా కరిగిపోయి, ముక్కలో ఏమీ దొరకదు.

వార్డులో వాట్సాప్ వార్తలు కూడా వస్తుంటాయి. “అమెరికాలో ఒక్క సూదికే గడ్డ మాయమైందట, మనకి రాదా?” అని. ఆ వార్తకి మూలం ఉంది. బోస్టన్‌లో 2024లో ముగ్గురు గ్లయోబ్లాస్టోమా రోగులకి మార్పు చేసిన రోగనిరోధక కణాల్ని మెదడులోకే ఎక్కిస్తే రోజుల్లోనే గడ్డలు తగ్గాయి. ఇద్దరిలో ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు. ఆ సంగతి వాట్సాప్‌లో రాలేదు. నెమ్మదిగా పెరిగే, ఐడీహెచ్ అనే జన్యువులో మార్పున్న గ్లయోమాలకి వొరాసిడెనిబ్ అనే మాత్రకి అదే ఏడాది అమెరికాలో అనుమతి వచ్చింది. దానిమీద నాకు నమ్మకం ఎక్కువ. అల్ట్రాసౌండ్‌తో మెదడు అడ్డాన్ని కాసేపు తెరిచి మందు పంపే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. ఇవన్నీ మా వార్డుకి వచ్చేదాకా మా చేతిలో ఉన్నది కత్తి, రేడియేషన్, ఒక క్యాప్సూల్. వాటిలో కత్తి పనిని కొంచెం మెరుగుపరచడానికి ఒక పసుపు సీసా.

నా కోడ్ల జాబితా సీల్ వేసి మా గైడ్ దగ్గర ఉంది. ఆఖరి కేసు పాథాలజీ రిపోర్టు వచ్చేదాకా తెరవం. అంచులో వెలగని ముక్కల్లో గడ్డ ఎక్కువగా దొరికితే, సురక్షితమైన చోట వెలుగు ఆగిన తర్వాత కూడా ఇంకొన్ని మిల్లీమీటర్లు తీయాలని మా యూనిట్‌లో రాసుకుంటాం. దొరక్కపోతే వెలుగు దగ్గరే ఆగుతాం. వెలుగుని నమ్మడమా మానడమా అన్నది ఇప్పటిదాకా సర్జన్ ఇష్టం. మా జూనియర్ ఒకతను జారిపోయే మెదడు సంగతి పట్టుకున్నాడు. గడ్డ తీస్తుండగానే అల్ట్రాసౌండ్ పెట్టి, వెలుగు చూపించే అంచునీ అది చూపించే అంచునీ పోల్చాలని. వచ్చే ఎథిక్స్ కమిటీకి అతని ప్రోటోకాల్ వెళ్తోంది. నా దగ్గరికొచ్చి మొదట అడిగింది రిఫరెన్సులు కాదు, తెలుగు అంగీకార పత్రం. ఇచ్చాను, ఆ సభ్యురాలి ప్రశ్న కూడా చెప్పి.